పోలీసు విచారణలో నిందితుని మాట: హక్కులు, నమోదు, భాష – ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతాల నేపథ్యంలో ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
పోలీసు విచారణలో నిందితునికి ఉన్న హక్కులను రాజ్యాంగం, చట్టాలు, సుప్రీంకోర్టు తీర్పులు స్పష్టంగా నిర్దేశించాయి. అయితే ఆ హక్కుల ఫలితం చివరకు రెండు విషయాలపై ఆధారపడుతుంది. అవి నిందితుడు ఏ మాట అన్నాడు, రికార్డులో ఏ మాట చేరింది అనేవి. శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లా పశ్చిమ భాగంలోని ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతాలను నేపథ్యంగా తీసుకొని, తెలుగు మాట్లాడే నేల నుంచి వెళ్లిన రెండు ప్రీవీ కౌన్సిల్ తీర్పుల వెలుగులో, నిందితుని మాటను యథాతథంగా నమోదు చేయడం కూడా హక్కుల రక్షణలో భాగమేనని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: నిందితుని హక్కులు, పోలీసు విచారణ, ఒప్పుకోలు, మౌనహక్కు, పంచనామా, ధాతుజ విశేషణం, ఉదయగిరి, ఆత్మకూరు.

1. ఉపోద్ఘాతం:
నెల్లూరు జిల్లాకు పడమటి హద్దుగా వెలిగొండలు నిలిచి ఉన్నాయి. ఆ కొండల అంచున కోట నీడలో ఉదయగిరి, దానికి దక్షిణాన సోమశిల జలాశయానికి చేరువలో ఆత్మకూరు ఉన్నాయి. ఉదయగిరి నుంచి జిల్లా కేంద్రానికి సుమారు 100 కిలోమీటర్ల దూరం. సీతారామపురం, వరికుంటపాడు, మర్రిపాడు, అనంతసాగరం వంటి మండలాల్లోని సామాన్యునికి నేరన్యాయ వ్యవస్థ మొదట ఎదురయ్యేది న్యాయస్థానంలో కాదు, పోలీసు స్టేషన్లో. న్యాయవాది, న్యాయమూర్తి ఆ తరువాత వస్తారు. వారు వచ్చేసరికి నిందితుడు కొన్ని మాటలు చెప్పి ఉంటాడు. ఆ మాటలు ఏదో ఒక రూపంలో కాగితానికి ఎక్కి ఉంటాయి.

నిందితుని హక్కులపై వచ్చిన రచనలు సాధారణంగా హక్కులను వరుసగా పేర్కొని, వాటి ఉల్లంఘనలను చర్చిస్తాయి. పలికిన మాటకూ రాసిన మాటకూ మధ్య ఉన్న దూరం మాత్రం అంతగా చర్చకు రాలేదు. ఇది న్యాయశాస్త్ర సమస్య ఎంతో భాషాశాస్త్ర సమస్య కూడా అంతే. ఈ రెంటినీ కలిపి చూడడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. ఒప్పుకోలుపై చట్టానికి అపనమ్మకం – చారిత్రక నేపథ్యం:
పోలీసుల ముందు చేసిన ఒప్పుకోలును భారతీయ చట్టం సాక్ష్యంగా అంగీకరించదు. ఈ నియమం పుట్టుకలో మద్రాసు రాజధానికి ముఖ్యమైన స్థానం ఉంది. నెల్లూరు జిల్లా నాడు ఆ రాజధానిలో భాగం. అప్పట్లో తాలూకా తహసీలుదారు చేతిలోనే శిస్తు వసూలు, పోలీసు అధికారం రెండూ ఉండేవి. శిస్తు రాబట్టడానికీ నేరం ఒప్పించడానికీ చిత్రహింసలు పెడుతున్నారన్న ఆరోపణలపై నియమించిన సంఘం 1855లో తన నివేదికను సమర్పించింది. వేళ్లను కర్రల మధ్య బిగించడం, ఎండలో వంచి నిలబెట్టడం వంటి పద్ధతులను ఆ నివేదిక నమోదు చేసింది. 1859లో మద్రాసు పోలీసు చట్టం వచ్చి పోలీసు శాఖను రెవెన్యూ శాఖ నుంచి వేరు చేసింది.

1861 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ పోలీసుల ముందు చేసిన ఒప్పుకోలును సాక్ష్యం నుంచి తొలగించింది. ఆ నియమాలే 1872 సాక్ష్య చట్టంలో 25, 26, 27 సెక్షన్లుగా స్థిరపడ్డాయి. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలో ఇవి 23వ సెక్షన్‌గా కొనసాగుతున్నాయి.

నెల్లూరు జిల్లా చరిత్రలో మరో అనుభవం కూడా ఉంది. నేరస్థ జాతుల చట్టం కింద ఎరుకల కుటుంబాలను కావలిలోని స్థావరంలో ఉంచారు. అమెరికన్ బాప్టిస్టు మిషన్ దానిని నిర్వహించింది. ఆ చట్టం 1952లో రద్దయింది. చేసిన పనిని బట్టి కాక పుట్టిన కులాన్ని బట్టి మనిషిని అనుమానితునిగా చూసిన కాలం అది. అనుమానం ఎంత సులభంగా నిర్ధారణగా మారగలదో తెలిసిన నేలపై, విచారణ దశలోని రక్షణలను సాంకేతిక నియమాలుగా మాత్రమే చూడడం తగదు.

3. విచారణ దశలో హక్కులు:
3.1 పిలుపు: పల్లెల్లో స్టేషన్ పిలుపు చాలాసార్లు నోటిమాటగా అందుతుంది. చట్టం కోరేది వేరు. కేసు విషయాలు తెలిసిన వ్యక్తిని రప్పించాలంటే దర్యాప్తు అధికారి లిఖితపూర్వకమైన ఉత్తర్వు ఇవ్వాలని భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 179వ సెక్షన్ చెబుతుంది. ఆ వ్యక్తి అదే స్టేషన్ పరిధిలోగాని, దాని పక్క స్టేషన్ పరిధిలోగాని ఉండాలి. స్త్రీలను, 15 ఏళ్ల లోపు బాలురను, 60 ఏళ్లు దాటిన పురుషులను, వికలాంగులను, తీవ్ర అనారోగ్యంతో ఉన్నవారిని వారి నివాసంలోనే విచారించాలి. అరెస్టు అవసరం లేని సందర్భంలో 35(3) కింద నోటీసు ఇవ్వాలి. ఆ నోటీసును వాట్సాప్ ద్వారా పంపితే చెల్లదని సుప్రీంకోర్టు 2025 జనవరిలో సతేందర్ కుమార్ అంతిల్ కేసులో స్పష్టం చేసింది. పిలుపు కాగితంపై ఉన్నప్పుడే వ్యక్తి స్టేషన్‌కు ఎప్పుడు వెళ్లాడో, ఎంతసేపు ఉన్నాడో తరువాత నిరూపించడం సాధ్యమవుతుంది. నోటిపిలుపుతో వెళ్లినవాని అరెస్టు సమయం రికార్డులో ఎప్పుడైనా మొదలు కావచ్చు.

3.2 మౌనం: తనకు వ్యతిరేకంగా తానే సాక్ష్యం చెప్పవలసిందిగా ఏ నిందితునిపైనా నిర్బంధం ఉండరాదని రాజ్యాంగం 20(3) అధికరణం నిర్దేశిస్తుంది. తనను నేరారోపణకు గురిచేసే ప్రశ్నలకు జవాబు చెప్పనవసరం లేదని సంహిత 180(2) కూడా చెబుతుంది. ఒడిశా మాజీ ముఖ్యమంత్రి నందినీ సత్పతి కేసులో 1978లో జస్టిస్ కృష్ణయ్యర్ రాసిన తీర్పు, ఈ రక్షణ న్యాయస్థానంలోనే కాక పోలీసు విచారణ దశ నుంచే వర్తిస్తుందని ప్రకటించింది. అయితే వేలిముద్రలు, చేతిరాత నమూనాలు ఇవ్వడం ఈ నిషేధం కిందికి రాదని 1961లో కాఠీ కాలూ ఓఘడ్ కేసులో 11 మంది న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పు చెప్పింది. సమ్మతి లేకుండా నార్కో, పాలీగ్రాఫ్ పరీక్షలు జరపరాదని 2010లో సెల్వి కేసులో తేలింది.

3.3 న్యాయవాది: అరెస్టయిన వ్యక్తికి తనకు నచ్చిన న్యాయవాదిని సంప్రదించే హక్కును రాజ్యాంగం 22(1) అధికరణం ఇస్తుంది. విచారణ జరుగుతుండగా న్యాయవాదిని కలుసుకోవచ్చుననీ, అయితే విచారణ పొడవునా ఆయన పక్కన ఉండాలని కోరలేరనీ సంహిత 38వ సెక్షన్ చెబుతుంది. కస్టడీలో ఉన్న వ్యక్తి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయానికి అర్హుడని 1987 నాటి న్యాయసేవల ప్రాధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ పేర్కొంటుంది. జాతీయ న్యాయసేవల సంస్థ సహాయ సంఖ్య 15100.

3.4 అరెస్టు: అరెస్టు పత్రం రాసి, కుటుంబ సభ్యునితోగాని ఆ ప్రాంతపు గౌరవనీయ వ్యక్తితోగాని ధ్రువీకరణ సంతకం చేయించాలి (36వ సెక్షన్). బంధువుకు లేదా మిత్రునికి సమాచారం అందించాలి (48వ సెక్షన్). 1996లో డి.కె. బసు కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశాలు ఈ నియమాలకు ఆధారం. ప్రయాణ సమయాన్ని మినహాయించి 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలి (58వ సెక్షన్). అరెస్టు కారణాలను నిందితునికి తెలియజేయాలి (47వ సెక్షన్). 2025 నవంబరు 6న మిహిర్ రాజేశ్ షా కేసులో సుప్రీంకోర్టు ఈ చివరి నియమానికి భాషను జోడించింది. కారణాలను నిందితునికి అర్థమయ్యే భాషలో, లిఖితపూర్వకంగా ఇవ్వాలి. వెంటనే ఇవ్వడం సాధ్యం కాకపోతే మేజిస్ట్రేటు ముందు హాజరుపరచడానికి కనీసం రెండు గంటల ముందైనా ఇవ్వాలి. ‘అర్థమయ్యే భాష’ అన్న ఈ షరతు ఈ వ్యాసానికి కీలకం.

4. తెలుగు మాట్లాడే నేల నుంచి రెండు తీర్పులు:
పోలీసు విచారణలో పలికిన మాట విలువను నిర్ణయించిన రెండు ప్రామాణిక తీర్పులకు తెలుగువారి కేసులే మూలం.

మొదటిది 1939 నాటి పాకాల నారాయణస్వామి కేసు. పిఠాపురానికి చెందిన ఒక బంట్రోతు 1937 మార్చిలో బరంపురానికి బయలుదేరాడు. కొద్దిరోజులకే పూరీ రైల్వేస్టేషన్లో ఒక ఇనుప పెట్టెలో అతని శవం బయటపడింది. మృతుడు తన ఇంటికి వచ్చి, ఉండి, వెళ్లాడని నిందితుడు అరెస్టుకు ముందు పోలీసులకు చెప్పాడు. ఈ మాటను సాక్ష్యంగా వాడవచ్చునా అన్నది ప్రశ్న. లార్డ్ ఆట్కిన్ తీర్పులో రెండు సూత్రాలు వెలువడ్డాయి. నేరాన్ని స్పష్టంగా అంగీకరించినప్పుడు, లేదా నేరానికి మూలమైన వాస్తవాలన్నింటినీ దాదాపుగా అంగీకరించినప్పుడు మాత్రమే అది ఒప్పుకోలు అవుతుంది. ఎంత ఇబ్బందికరమైనదైనా ఒక్క వాస్తవాన్ని అంగీకరించడం ఒప్పుకోలు కాదు. ఇది మొదటి సూత్రం. దర్యాప్తులో పోలీసులు విచారించే ‘ఏ వ్యక్తి అయినా’ అన్న మాటలో నిందితుడు కూడా చేరతాడు. కనుక అతడు దర్యాప్తులో చెప్పిన మాట కూడా నిషేధం కిందికి వస్తుంది. ఇది రెండవ సూత్రం. ఇతర సాక్ష్యాల బలంతో అతని అప్పీలు కొట్టివేయబడినా, ఈ సూత్రాలు నిలిచాయి. నాలుగు దశాబ్దాల తరువాత నందినీ సత్పతి తీర్పు కూడా ఈ రెండవ సూత్రాన్ని ఆధారం చేసుకుంది.

రెండవది గుంటూరు జిల్లా నుంచి వెళ్లిన పులుకూరి కోటయ్య కేసు. 1946 డిసెంబరులో వెలువడిన ఈ తీర్పు 1947 నాటి తీర్పుగా ప్రసిద్ధం. నిందితుడిచ్చిన సమాచారం వల్ల ఏదైనా వాస్తవం బయటపడితే, దానికి స్పష్టంగా సంబంధించినంత మేరకు అతని మాటను సాక్ష్యంగా తీసుకోవచ్చునన్న మినహాయింపు హద్దును ఈ తీర్పు నిర్ణయించింది. ‘బయటపడిన వాస్తవం’ అంటే వస్తువు ఒక్కటే కాదు. ఆ వస్తువు ఉన్న చోటు, ఆ చోటు గురించి నిందితునికి ఉన్న ఎరుక. ఇంటి కప్పులో దాచిన కత్తిని చూపిస్తానన్న మాట చెల్లుతుంది. ఆ కత్తితో ఫలానా వ్యక్తిని పొడిచానన్న భాగం చెల్లదు. వాక్యాన్ని రెండుగా చీల్చి, దాచిన చోటును చెప్పే భాగాన్ని ఉంచి, నేరాన్ని చెప్పే భాగాన్ని తీసివేయాలి.

5. తెలుగు వాక్యం – చట్టం గీసిన గీత:
కోటయ్య తీర్పు గీసిన గీత ఆంగ్ల వాక్యంపై గీసిన గీత. ఆంగ్లంలో కత్తి అన్న నామవాచకం ముందు వచ్చి, దానితో పొడిచానన్న ఉపవాక్యం తరువాత వస్తుంది. చివరి భాగాన్ని తెంచివేస్తే మొదటి భాగం నిలుస్తుంది. తెలుగు వాక్యం అలా నడవదు. ఉదాహరణకు ఈ కల్పిత వాక్యాన్ని చూడవచ్చు:

“నేను వాణ్ణి పొడిచిన కత్తిని మా ఇంటి చూరులో దాచినాను. వస్తే చూపిస్తాను.”

ఇక్కడ నేరాంగీకారం వేరే వాక్యంగా లేదు. ‘పొడిచిన’ అన్న ధాతుజ విశేషణంగా మారి, విశేష్యమైన ‘కత్తి’కి ముందే చేరింది. దానిని తొలగించడం వ్యాకరణరీత్యా సాధ్యమే. కానీ చదివేవారి దృష్టికి అనుమతిలేని భాగమే మొదట వస్తుంది. పంచనామాలో ఈ రెండు భాగాలను విడదీయకుండా ఒకే వాక్యంగా రాసినప్పుడు, గీత గీసే బాధ్యత పూర్తిగా న్యాయస్థానంపై పడుతుంది.

ఇంతకంటె లోతైన చిక్కు మరొకటి ఉంది. తెలుగులో ధాతుజ విశేషణం తన కర్తను తప్పనిసరిగా చెప్పదు. “వాణ్ణి పొడిచిన కత్తి చూరులో ఉంది” అన్నప్పుడు పొడిచినది ఎవరో ఆ వాక్యంలో లేదు. దాచినది ఎవరో కూడా లేదు. ఇంకొకరు దాచగా చూసినవాడు కూడా ఈ మాట అనగలడు. కోటయ్య తీర్పు ప్రకారం ఈ వాక్యం నిరూపించగలిగేది ఆ చోటు గురించిన ఎరుకను మాత్రమే. రాసేవారు వాక్యాన్ని ‘సవరించి’ ‘నేను పొడిచిన’, ‘నేను దాచిన’ అని కర్తను చేర్చితే, నిందితుడు పలకని ఒప్పుకోలు కాగితంపై పుడుతుంది. ఆంగ్లంలోకి అనువదించేటప్పుడు ఈ ప్రమాదం మరింత పెరుగుతుంది. ఆ భాషలో కర్త లేకుండా సహజమైన వాక్యం కుదరడం కష్టం. అనువాదకుడు ఎవరినో ఒకరిని కర్తగా నిలపవలసి వస్తుంది.

‘అంట’ అన్న చిన్న ప్రత్యయం సంగతి కూడా ఇటువంటిదే. “చూరులో పెట్టినారంట” అన్న మాటకు విన్నానని అర్థం. “చూరులో పెట్టినారు” అన్న మాటకు తెలుసునని అర్థం. మొదటిది విన్నమాట, రెండవది ఎరుక. సాక్ష్య చట్టంలో ఈ రెంటి మధ్య ఉన్న దూరం ఒక మనిషి స్వేచ్ఛంత. రికార్డులో ఈ ప్రత్యయం జారిపోతే విన్నమాట ఎరుకగా మారుతుంది.

మర్యాద భాషను కూడా పరిగణించాలి. స్టేషన్లో భయంతో నిలబడ్డ మనిషి “తప్పయిపోయింది సార్” అంటాడు. తెలుగు వ్యవహారంలో అది క్షమాపణ, వేడుకోలు, కొన్నిసార్లు కేవలం వినయం. ‘నేరమును ఒప్పుకొన్నాడు’ అని దానిని రాయడం పాకాల నారాయణస్వామి తీర్పు మొదటి సూత్రానికి విరుద్ధం. ఆ మాటలో నేరం పేరూ లేదు, నేరానికి మూలమైన వాస్తవాలూ లేవు. అదే విధంగా మౌనహక్కుకు మన పల్లె వ్యవహారంలో మర్యాదైన రూపం లేదు. అధికారి ముందు “చెప్పను” అనడం ధిక్కారంగా వినిపిస్తుంది. అందువల్ల మనిషి “తెలియదు” అంటాడు. తెలిసిన విషయం తెలియదన్నాడని తరువాత అతనిని అబద్ధమాడినవానిగా చిత్రించవచ్చు. “నా మీద కేసు వచ్చే ప్రశ్నకు జవాబు చెప్పనక్కరలేదని చట్టం చెబుతోంది” అన్న ఒక్క తెలుగు వాక్యాన్ని న్యాయ అవగాహన శిబిరాలు నేర్పగలిగితే, అది ఎన్నో కరపత్రాల కంటె ఎక్కువ మేలు చేస్తుంది.

6. తెలుగు మాతృభాష కానివారు:
పశ్చిమ నెల్లూరులో సమస్య తెలుగుతో ముగియదు. ఉదయగిరిలో ఉర్దూ మాట్లాడే కుటుంబాలు గణనీయంగా ఉన్నాయి. ఊరికి పేరు తెచ్చిన చెక్క గరిటెలు, చెంచాల తయారీ ఎక్కువగా ఆ కుటుంబాల చేతివృత్తే. వెలిగొండల్లో ఎర్రచందనం పెరుగుతుంది. ఆ చెట్లను అక్రమంగా నరికే పనికి దళారులు తమిళనాడు కొండ గ్రామాల నుంచి కూలీలను రప్పిస్తారు. పట్టుబడేది ఎక్కువగా తమిళం మాత్రమే తెలిసిన ఆ కూలీలే. తెలుగులో అడిగిన ప్రశ్నకు తమిళంలో వచ్చిన జవాబు ఆంగ్లంలో నమోదైతే, ఆ మాట రెండు అనువాదాలు దాటినట్టు లెక్క.

అటవీ నేరాల్లో ప్రశ్నించేది తరచుగా అటవీ అధికారి. అటవీ అధికారిని పోలీసు అధికారిగా పరిగణించనవసరం లేదని న్యాయస్థానాలు సాధారణంగా భావించాయి. ఆ దృష్టిలో 23వ సెక్షన్ నిషేధం ఆయన ముందు చేసిన ఒప్పుకోలుకు వర్తించదు. 2020లో తోఫాన్ సింగ్ కేసులో మాదకద్రవ్యాల చట్టం కింద అధికారం పొందిన అధికారులను సుప్రీంకోర్టు పోలీసు అధికారులుగానే పరిగణించింది. కానీ ఆ తీర్పు ఆ చట్టానికి సంబంధించినది. అటవీ అధికారి ముందు నిలిచిన కూలీకి మిగిలేవి 20(3), 22 అధికరణాల రక్షణ, బెదిరింపుతోగాని ఆశచూపిగాని రాబట్టిన ఒప్పుకోలు చెల్లదన్న సాక్ష్య అధినియమం 22వ సెక్షన్. చట్టం ఇచ్చే రక్షణ పలచబడిన చోట అతని భాషలో నమోదు మరింత అవసరం.

7. యథాతథ నమోదుకు చట్టంలో ఉన్న దారులు:
మేజిస్ట్రేటు ముందు చేసే ఒప్పుకోలుకు సంహిత గట్టి పద్ధతిని నిర్దేశించింది. ఒప్పుకోవలసిన అవసరం లేదని, ఒప్పుకుంటే అది తనకు వ్యతిరేకంగా సాక్ష్యం కావచ్చునని మేజిస్ట్రేటు ముందుగా హెచ్చరించాలి. ఇష్టం లేదన్న వ్యక్తిని తిరిగి పోలీసు కస్టడీకి పంపరాదు (183వ సెక్షన్). సాధ్యమైనంతవరకు నిందితుడు మాట్లాడిన భాషలోనే రాసి, అతనికి చదివి వినిపించాలి (316వ సెక్షన్). పోలీసులు నమోదు చేసే వాంగ్మూలానికి ఇటువంటి భాషా నియమం లేదు. దానిపై సంతకం తీసుకోకూడదు (181వ సెక్షన్). సంతకం లేకపోవడం నిందితునికి రక్షణ. అయితే పంచనామాలో మాత్రం సమాచారం, సంతకం, మధ్యవర్తుల ధ్రువీకరణ అన్నీ ఒకచోట చేరతాయి. అందుకే తప్పుగా రాసిన మాట ఎక్కువ హాని చేసేది అక్కడే.

2022 అక్టోబరులో రామానంద్ కేసులో సుప్రీంకోర్టు ఈ దశకు ఒక క్రమాన్ని సూచించింది. ఇద్దరు స్వతంత్ర మధ్యవర్తులను మొదట స్టేషన్‌కు పిలవాలి. వారి సమక్షంలో నిందితుడు స్వేచ్ఛగా చెప్పిన మాటను, అతడు పలికిన పదాలతోనే పంచనామా మొదటి భాగంలో రాయాలి. ఆ తరువాతే చోటుకు బయలుదేరాలి. సోదా, స్వాధీనం ప్రక్రియను దృశ్య శ్రవణ రూపంలో నమోదు చేయాలని సంహిత 105వ సెక్షన్ ఇప్పుడు నిర్దేశిస్తోంది. 2020 డిసెంబరు 2 నాటి పరమ్‌వీర్ సింగ్ సైనీ తీర్పు ప్రతి స్టేషన్లో దృశ్యంతో పాటు శబ్దాన్ని కూడా నమోదు చేసే సీసీ కెమెరాలు ఉండాలని, రికార్డులను 18 నెలలు, అది కుదరనప్పుడు కనీసం ఏడాది భద్రపరచాలని ఆదేశించింది. ‘అంట’ జారిపోయిందో లేదో తేల్చగలిగేది ఆ శబ్దమే.

ఈ నియమాలు దర్యాప్తుకు ఆటంకమన్న వాదన ఉంది. ఒక్కో స్టేషన్‌కు విస్తారమైన పరిధి, తక్కువ సిబ్బంది, కేసుల ఒత్తిడి ఉన్న మాట నిజమే. అయితే అపనమ్మకమైన పంచనామా వల్ల నష్టపోయేది నిందితుడు ఒక్కడే కాదు. న్యాయస్థానం ఆ పంచనామాను తోసిపుచ్చితే, నిజంగా కత్తి దొరికిన కేసు కూడా వీగిపోతుంది. అప్పుడు నష్టపోయేది బాధితుని కుటుంబం. ఒప్పుకోలు కోసం కొట్టడం దర్యాప్తులో భాగం కాదని ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన ఎన్. వేణుగోపాల్ కేసులో 1963లోనే సుప్రీంకోర్టు తేల్చింది. అటువంటి చర్యలకు పోలీసు చట్టం కల్పించే రక్షణ వర్తించదని చెప్పింది. ఒప్పుకోలు రాబట్టడానికి గాయపరచడం భారతీయ న్యాయ సంహిత 120వ సెక్షన్ కింద ఏడేళ్ల వరకు, తీవ్రంగా గాయపరిస్తే పదేళ్ల వరకు జైలుశిక్షకు తగిన నేరం.

8. ముగింపు:
ఈ పరిశీలనలో తేలిన అంశాలు ఇవి. పోలీసు విచారణలో నిందితుని హక్కులు లిఖిత రూపంలో సమగ్రంగానే ఉన్నాయి. వాటి ఆచరణ మాత్రం మాట కాగితంగా మారే చోట పరీక్షకు నిలుస్తుంది. ఒప్పుకోలుకు నిర్వచనమిచ్చిన తీర్పు, దాచిన వస్తువు గురించిన మాటకు హద్దు గీసిన తీర్పు, రెండూ తెలుగువారి కేసుల నుంచే వెలువడ్డాయి. కానీ ఆ హద్దు ఆంగ్ల వాక్యక్రమంపై నిలిచింది. తెలుగులో ధాతుజ విశేషణం, లుప్త కర్త, ‘అంట’ ప్రత్యయం, మర్యాద వాచకాలు ఆ హద్దును మసకబారుస్తాయి. అందువల్ల నిందితుని మాటను అతని భాషలో, అతని పదాలతో రాయడం, సమాచారాన్నీ నేరాంగీకారాన్నీ వేర్వేరు వాక్యాలుగా నమోదు చేయడం, శబ్దరికార్డును భద్రపరచడం అవసరం.

పంచనామాల తెలుగుపై భాషాశాస్త్ర, న్యాయశాస్త్ర విభాగాలు కలిసి చేయవలసిన పని చాలా ఉంది. ఆత్మకూరు, ఉదయగిరి న్యాయస్థానాల తీర్పుల్లో ఉదాహరించిన పంచనామా వాక్యాలు అందుకు మంచి సామగ్రి కాగలవు. మర్రిపాడు నుంచి వచ్చిన కూలీ అయినా, అడవిలో పట్టుబడిన తమిళ కూలీ అయినా, తాను అన్నమాటకే బాధ్యుడు కావాలి, తన పేరిట రాసిన మాటకు కాదు.